గేటు లోపల పని, గేటు బయట జీతం: ఒడిశా సరిహద్దులో కూలి ఎక్కడ తరుగుతోంది

క్లుప్తంగా

ఒడిశాలోని రాయగడ, గజపతి, కోరాపుట్, గంజాం జిల్లాల తెలుగు కుటుంబాల్లో ఉద్యోగం గురించి వినిపించే ఫిర్యాదులు పైకి రకరకాలుగా ఉంటాయి. జీతం చాలదు, టైముకి పడదు, ఎన్నేళ్లు చేసినా పర్మినెంట్ కాదు, పోస్టుకి అప్లై చేద్దామంటే ఒడియా అడ్డం, పక్కవాడికి మాత్రం ఎక్కువ ఇస్తున్నారు. వీటిలో ఎక్కువ భాగానికి వేరు ఒకేచోట ఉంది. పని చేయించుకునేది ఒకరు, డబ్బు చేతిలో పెట్టేది ఇంకొకరు, చట్టం ముందు జవాబు చెప్పాల్సింది మరొకరు. అందుకే కోపం ఎదురుగా కనిపించే మేస్త్రి మీదో తోటి కార్మికుడి మీదో పడుతోంది. కూలి తరిగే చోటు వెనకాల ఉండిపోతోంది. పాత కార్మిక చట్టాల స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లు ఈ పరిస్థితిని కొంత మారుస్తాయి, కొంత అలాగే ఉంచుతాయి.

తండ్రి పర్మినెంట్, కొడుకు కాంట్రాక్ట్

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి గంజాంలో ఎక్కువ భాగం, జయపురం సంస్థానం అటు వెళ్లాయి. పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. పర్లాకిమిడి ఊరు ఒడిశాలో ఉంటే, మహేంద్రతనయకు ఇవతలి ఒడ్డున పాతపట్నం ఆంధ్రలో ఉంది. 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుంచి రాయగడ, గంజాం నుంచి గజపతి వేరు జిల్లాలయ్యాయి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, పనిచోట రెండూ కలిసిన మాట. ఇక్కడి జీవితం చాలాకాలంగా ఇలాగే నడుస్తోంది.

స్వాతంత్ర్యం తర్వాత ఈ ప్రాంతానికి ఫ్యాక్టరీలు వచ్చాయి. రాయగడ పక్కన జేకే పూర్‌లో కాగితం మిల్లు, తేరుబలిలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం, సునాబేడలో హెచ్‌ఏఎల్ విమాన ఇంజిన్ డివిజన్, దమంజోడిలో నాల్కో అల్యూమినా రిఫైనరీ. అప్పట్లో ఇలాంటి ఫ్యాక్టరీలో చేరడమంటే రిటైర్మెంట్ దాకా భరోసా. క్వార్టరు, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం), పిల్లల చదువు అన్నీ దాని వెనకే వచ్చేవి. 1990ల తర్వాత దేశమంతటా జరిగినట్టే ఇక్కడా కొత్తగా తీసుకునే పనిలో పెద్ద వాటా ఠికాదారుల (లేబర్ కాంట్రాక్టర్ల) చేతికి పోయింది. లోడింగ్, క్లీనింగ్, క్యాంటీన్, సెక్యూరిటీతో మొదలై, మెయింటెనెన్స్, ప్యాకింగ్ దాకా వచ్చింది. ఇప్పటి ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఈ పోలికే ఉంది. ఒకే గేటు నుంచి తండ్రి స్థిరమైన జీతంతో బయటికొచ్చాడు. కొడుకు అదే గేటులోకి మూడు నెలలకోసారి కొత్త చేయించుకోవాల్సిన గేట్ పాస్‌తో వెళుతున్నాడు.

ఎన్నేళ్లు చేసినా పర్మినెంట్ ఎందుకు చేయరన్న ప్రశ్నకు చట్టంలో సూటి జవాబే ఉంది. అది చాలామందికి తెలియదు. 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టం కింద ఒక పనిలో కాంట్రాక్ట్ పద్ధతిని నిషేధించినా, ఆ కార్మికులు తమంతట తాముగా కంపెనీ ఉద్యోగులైపోరని 2001లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్టీల్ అథారిటీ కేసులో తేల్చింది. కాంట్రాక్ట్ అనేది పేరుకే, నిజానికి కంపెనీయే నేరుగా పని చేయించుకుంటోందని రుజువు చేస్తే తప్ప దారి లేదు. ఆ రుజువుకు కావాల్సిన కాగితాలేమో ఠికాదారు దగ్గరో కంపెనీ దగ్గరో ఉంటాయి. పదిహేనేళ్ల సర్వీసు ఉందనే మాట ఒక్కటే కోర్టులో నిలబడకపోవడానికి కారణం ఇదే.

11,700 రూపాయల లెక్క

"కంపెనీ మన మీద పదహారు వేలు ఇస్తోందట, మనకు చేతికొచ్చేది పదే" అన్న మాట షిఫ్టు మారేటప్పుడు తరచుగా వినిపిస్తుంది. మధ్యలో ఎవరో తినేస్తున్నారన్న అనుమానం అందులో ఉంది. అనుమానం కొన్నిచోట్ల నిజం, కొన్నిచోట్ల కాదు. లెక్క వేసి చూస్తే గాని ఏది ఎక్కడో తేలదు.

2024లో ఒడిశా ప్రభుత్వం నైపుణ్యం అక్కర్లేని పనికి రోజు కనీస కూలిని 352 రూపాయల నుంచి 450కి పెంచింది. సెమీ స్కిల్డ్‌కు 500, స్కిల్డ్‌కు 550, హైలీ స్కిల్డ్‌కు 600 అయ్యాయి. ఆ తర్వాత ధరల సూచీని బట్టి కరువు భత్యం కలుస్తూ వస్తోంది. లెక్క సులువుగా ఉండటానికి 450నే తీసుకుందాం. నెలకు 26 పనిదినాలకు 11,700 రూపాయలు. కార్మికుడి వాటాగా పీఎఫ్ (భవిష్య నిధి) 12 శాతం, అంటే 1,404. ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) 0.75 శాతం, అంటే 88. చేతికి వచ్చేది 10,208.

ఇప్పుడు అవతలి వైపు చూద్దాం. యజమాని వాటా పీఎఫ్ మరో 1,404, ఈఎస్ఐ 3.25 శాతం కింద 381, పీఎఫ్ బీమాకూ నిర్వహణకూ కలిపి ఒక శాతం, 117. మొత్తం 13,602. మనుషులను సప్లై చేసే సేవ మీద 18 శాతం జీఎస్టీ కలిపితే బిల్లు సుమారు 16,050 అవుతుంది. కాబట్టి పదహారు వేలన్న మాటా నిజమే, పది వేలన్న మాటా నిజమే. మధ్యలోని 5,842 రూపాయల్లో 3,277 కార్మికుడి పేరు మీదే పీఎఫ్‌కి, ఈఎస్ఐకి వెళ్లాలి. 2,448 పన్ను. మిగతా 117 పీఎఫ్ కార్యాలయానిది. అంతా చట్టప్రకారం జరిగితే ఇక్కడ ఎవరూ ఏమీ తినలేదు.

ఈ లెక్కలో ఠికాదారుకి ఒక్క రూపాయి కూడా రాలేదు. అసలు సమస్య మొదలయ్యేది ఇక్కడే. అతని ఆదాయం సర్వీస్ ఛార్జీ మీద ఆధారపడుతుంది. టెండర్‌లో తక్కువకు కోట్ చేసినవారికే పని దక్కుతుంది. కూలి, పీఎఫ్, ఈఎస్ఐ, జీఎస్టీ చట్టం నిర్ణయించినవి కాబట్టి వాటిని తగ్గించి కోట్ చేయడానికి లేదు. తగ్గించగలిగేది తన ఛార్జీ ఒక్కటే. సున్నాకి దగ్గరగా కోట్ చేసి పని దక్కించుకున్న మనిషి ఆ సంస్థను ఏ డబ్బుతో నడుపుతాడన్నది టెండర్ తెరిచిన రోజే అడగాల్సిన ప్రశ్న. కంపెనీల కొనుగోలు విభాగాలు దాన్ని అడగకుండా వదిలేయడం వల్ల ఆ భారం చివరికి కార్మికుడి మీద పడుతోంది. ఈ వ్యవహారంలో అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. మేస్త్రి చేతివాటం దాని తర్వాతే వస్తుంది.

హాజరీలో మాయమయ్యే రోజులు

ఠికాదారు ఆ లోటు పూడ్చుకునే దారుల్లో ముఖ్యమైనవి రెండు. మొదటిది అందరికీ తెలిసినదే. చట్టం చెప్పిన మొత్తం బ్యాంకు ఖాతాలో పడుతుంది, మర్నాడు అందులో కొంత నగదుగా వెనక్కి ఇవ్వాలి. కొన్నిచోట్ల ఏటీఎం కార్డే మేస్త్రి దగ్గర ఉంటుంది. బ్యాంకు స్టేట్‌మెంట్ చూసిన ఏ అధికారికైనా అంతా సవ్యంగా కనిపిస్తుంది.

రెండోది కంటికి ఆనదు. కార్మికుడు నెలలో 26 రోజులు పనిచేస్తాడు, రోజుకు 350 చొప్పున 9,100 తీసుకుంటాడు. రిజిస్టర్‌లో మాత్రం 20 రోజుల హాజరీ వేసి, రోజుకు 450 చొప్పున 9,000 అని రాస్తారు. కూలి రేటు చట్టానికి సరిపోయింది, చేతికిచ్చిన డబ్బుకి కాగితం దాదాపు సరిపోయింది. పోయినవి ఆరు రోజులు. ఆ రోజులు మళ్లీ ఏ లెక్కలోనూ కనిపించవు.

వాటి ఖరీదు ఆ నెల కూలితో ఆగిపోదు. ఈఎస్ఐలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి వరకు ఇంకొకటి, ఇలా ఆరేసి నెలల చందా కాలాలుంటాయి. ఒక కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉంటేనే, దానికి ఎదురుగా వచ్చే కాలంలో జబ్బు పడినప్పుడు కూలిలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు భృతి వస్తుంది. నెలకు సగటున 13 రోజులు చూపిస్తే సరిగ్గా 78. అంతకంటే ఒక్కరోజు తగ్గినా ఆ భృతి రాదు. పనిలో ఉన్నన్నాళ్లూ ఈ సంగతి ఎవరికీ పట్టదు. టైఫాయిడో, వెన్నునొప్పో, ఆపరేషనో వచ్చినప్పుడు బయటపడుతుంది. అప్పుడు నింద ఈఎస్ఐ ఆఫీసు మీద పడుతుంది. రోజులు కోసింది మాత్రం ఆరు నెలల కింద హాజరీ పుస్తకం.

పీఎఫ్ పాస్‌బుక్‌లో నెలనెలా ఎంత వేతనం మీద చందా కట్టారో కనిపిస్తుంది. ఆ అంకెను రోజు కూలితో భాగిస్తే కాగితం మీద ఎన్ని రోజులు చూపించారో తెలిసిపోతుంది. ఫోన్‌లో యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికిచ్చే నంబరు)తో పాస్‌బుక్ తెరిచి చేసే ఈ చిన్న భాగాహారం నెలకోసారి చేసుకుంటే, మేస్త్రితో పెట్టుకునే పది గొడవల కంటే ఎక్కువ విషయం చెబుతుంది.

గ్రాట్యుటీ సంగతి వేరు. 1972 చట్టంలోనూ, కొత్త కోడ్‌లోనూ ఒకే యజమాని దగ్గర ఐదేళ్లు నిండాలి, ఏడాదికి 15 రోజుల కూలి చొప్పున లెక్క. రెండేళ్లకోసారి ఠికాదారు మారితే, మనిషి అదే మెషీన్ దగ్గర ఇరవై ఏళ్లున్నా కాగితం మీద ఐదేళ్లు నిండవు. కొత్త కోడ్‌లో ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగులకు ఏడాదికే గ్రాట్యుటీ అన్న వార్త చాలామందిలో ఆశ పుట్టించింది. అది యజమానితో నేరుగా గడువు పెట్టుకుని చేరినవారికి. ఠికాదారు కింద మామూలు కాంట్రాక్ట్ లేబర్‌గా ఉన్నవారు ఆ మాటను తమకు వర్తించినట్టు తీసుకుంటే నిరాశే మిగులుతుంది. బోనస్ విషయంలో మాత్రం పరిస్థితి కొంత నయం. పాత బోనస్ చట్టం వర్తించే సంస్థలో ఏడాదిలో 30 రోజులు పనిచేసి, నెల జీతం 21,000 దాటనివారికి కనీసం 8.33 శాతం హక్కుగా ఉండేది. వేతనాల కోడ్‌లోనూ 30 రోజులు, 8.33 శాతం అలాగే ఉన్నాయి, జీతం పరిమితిని మాత్రం ప్రభుత్వం ప్రకటిస్తుంది. దసరాకి చేతిలో పెట్టే మిఠాయి డబ్బా, వెయ్యి రూపాయలు ఆ హక్కుకి బదులు కావు.

మనవాడే కదా అనుకున్న చోట

ఫ్యాక్టరీలో కనీసం ఒక కాగితమైనా ఉంటుంది. రాయగడ, జయపురం, బరంపురం బజార్లలోని బట్టల కొట్లు, బంగారం షాపులు, హోల్‌సేల్ కిరాణాలు, ప్రైవేటు స్కూళ్లలో అదీ ఉండదు. ఈ వ్యాపారాల్లో చాలావరకు తెలుగువారివే. పనికి కుదరడం బంధువు ద్వారానో, ఊరివాళ్ల ద్వారానో జరుగుతుంది. జీతం మాట మీద నడుస్తుంది. పెళ్లికో ఆసుపత్రికో అడ్వాన్స్ ఇస్తారు, ఆ బాకీ తీరేదాకా వేరే చోటికి వెళ్లే దారి ఉండదు. అప్పు అవసరానికి ఆదుకున్న మాట నిజమే. ఆ అప్పే జీతం పెంచమని అడిగే నోరు కట్టేస్తుందన్నదీ నిజమే.

పది మంది కంటే తక్కువున్న చోట ఈఎస్ఐ, ఇరవై మంది కంటే తక్కువున్న చోట పీఎఫ్ తప్పనిసరి కాదు. కాబట్టి తొమ్మిది మందితో నడిచే కొట్టులో కార్మికుడి గురించి బయట ఎక్కడా ఒక్క అక్షరం నమోదు కాదు. కనీస కూలికి మాత్రం ఇలాంటి సంఖ్యా పరిమితి లేదు. ఒక్క మనిషిని పెట్టుకున్నా అది ఇవ్వాల్సిందే. ఏ కోతలైనా అన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదన్న నియమం కూడా ఉంది, అడ్వాన్స్ వసూలుకీ అది వర్తిస్తుంది. కొన్ని ప్రైవేటు స్కూళ్లలో టీచర్లు సంతకం పెట్టే అంకె ఒకటి, తీసుకునే అంకె ఇంకొకటి. చేతికి నగదు ఇచ్చినంతకాలం దాన్ని రుజువు చేయడం కష్టం. ఈ మధ్య కొందరు యజమానులు జీతం ఫోన్‌పేలో వేస్తున్నారు. వాళ్లు తమ సౌకర్యానికే వేసినా కార్మికుడికి మొదటిసారిగా తేదీతో సహా ఒక రికార్డు దొరుకుతోంది.

రెండు రాష్ట్రాలకూ స్థానికేతరులు

ఉద్యోగం దొరకడంలో ఉన్న చిరాకు సరిహద్దు తెలుగువారికి ప్రత్యేకమైనది. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాల నోటిఫికేషన్లలో ఒడియా షరతు ఉంటుంది. ఏడో తరగతి వరకు ఒడియా ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలి, లేదా ఒడియా మాధ్యమంలో పదో తరగతి పాసవ్వాలి, అవేవీ లేకపోతే ఆ స్థాయి ఒడియా పరీక్ష రాసి నెగ్గాలి. ఒడియాలో ధారాళంగా మాట్లాడే తెలుగు కుర్రాడు కూడా సర్టిఫికెట్ లేక అప్లికేషన్ దగ్గరే ఆగిపోతాడు. ఆ పరీక్ష కొండంత కష్టమైనదేమీ కాదు. నోటిఫికేషన్ వచ్చాక దాని గురించి తెలుసుకోవడం వల్లే నష్టపోతున్నారు. పదో తరగతి అయిన వెంటనే ఇది చెప్పాల్సిన బాధ్యత తెలుగు చదువుకునే పిల్లలున్న స్కూళ్ల మీద ఉంది.

భాషా అల్పసంఖ్యాకుల రక్షణ పథకం ప్రకారం ఉద్యోగంలో చేరేటప్పుడు రాష్ట్ర భాష రావాలని పట్టుబట్టకూడదు, ప్రొబేషన్ పూర్తయ్యేలోగా పరీక్ష పెట్టాలి. రాష్ట్రాల పునర్విభజన కాలం నుంచి వచ్చిన అఖిల భారత అంగీకారం ఇది. రాజ్యాంగం 350బి అధికరణ కింద దీన్ని చూసే కమిషనర్ కార్యాలయం కూడా ఉంది. చట్టబద్ధమైన బలం లేకపోవడం వల్ల ఆ అంగీకారం నివేదికల్లో మిగిలింది, నోటిఫికేషన్లలోకి రాలేదు.

ఇక ఆంధ్ర వైపు చూస్తే, అక్కడ భాష ఉంది, స్థానికత లేదు. ప్రభుత్వ ఉద్యోగాలకు రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం స్థానికత చదివిన చోటును, నివసించిన చోటును బట్టి వస్తుంది, మాట్లాడే భాషను బట్టి కాదు. ఒడిశాలోని గుణుపురంలో పుట్టి ఆంధ్రలోని పార్వతీపురంలో వరసగా కొన్నేళ్లు చదివి అర్హత పరీక్ష పాసైన పిల్లవాడు అక్కడ స్థానికుడు కావచ్చు. గుణుపురంలోనే చదివినవాడు కాలేడు. 2019లో ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకు ఇవ్వాలంది. హర్యానా చేసిన ఇలాంటి చట్టాన్ని పంజాబ్, హర్యానా హైకోర్టు 2023 నవంబరులో కొట్టేసింది. కోర్టుల్లో వాటి సంగతి ఏమైనా, కంపెనీ హెచ్‌ఆర్ మాత్రం ముందు ఆధార్‌లో అడ్రసు చూస్తున్నాడు. విశాఖ చుట్టుపక్కల పరిశ్రమల్లోకి వెళ్లే రాయగడ కుర్రాళ్లు నేరుగా చేరలేక మళ్లీ లేబర్ కాంట్రాక్టర్ ద్వారానే చేరడానికి ఇదొక కారణం. ఇంటి దగ్గర ఏ పద్ధతి నుంచి తప్పించుకోవాలని రైలెక్కారో, దిగిన చోటా అదే పద్ధతి.

ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్‌లో పేరు నమోదు చేసుకుని ఏళ్లు గడిచినా పిలుపు రాలేదన్న నిస్పృహ కూడా ఉంది. 1959 చట్టం ఖాళీలను ఎక్స్ఛేంజ్‌కి తెలియజేయమని మాత్రమే యజమానికి చెప్పింది, అక్కడి నుంచే తీసుకోవాలని చెప్పలేదు. ఆ ఖాళీ జాగాలోకే ఉద్యోగం ఇప్పిస్తామనే దళారులు దిగుతున్నారు. యూనిఫాంకని, ట్రైనింగ్‌కని, గేట్ పాస్‌కని ముందు డబ్బు అడిగే చోట ఉద్యోగం ఉండే అవకాశం చాలా తక్కువ.

పేరులో ఒక అక్షరం

తెలుగువారు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడిశా కాగితాల్లో అది చివరికి వెళుతుంది. వెంకట అన్న పేరు ఒడియా లిపిలోకి వెళ్లి మళ్లీ ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి వ అక్షరం బ, భలుగా మారుతుంది. స్కూలు సర్టిఫికెట్ ఆంధ్రది, ఓటరు కార్డు ఒడిశాది, ఆధార్‌లో మరో స్పెల్లింగ్. ఠికాదారు గుమాస్తా తోచినట్టు టైప్ చేసిన పేరుతో పీఎఫ్ ఖాతా తెరుచుకుంటుంది. డబ్బు జమవుతూనే ఉంటుంది, తీసుకోబోతే క్లెయిమ్ రిజెక్ట్. సరిచేయాలంటే యజమాని ఆమోదం కావాల్సి వస్తే, ఆ ఠికాదారు అప్పటికే పని వదిలి వెళ్లి ఉంటాడు. కొత్త ఠికాదారు పాత యూఏఎన్ అడగకుండా కొత్తది తెరిస్తే ఒకే మనిషికి రెండు మూడు ఖాతాలవుతాయి. పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయం బరంపురంలో ఉంది. రాయగడ నుంచి వెళ్లి రావడమంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ రెండూ పోతాయి. చేరిన మొదటి నెలలోనే పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో చూసుకుంటే ఈ తిప్పలన్నీ తప్పుతాయి.

పక్కవాడికి ఎక్కువ ఎందుకు

ఒకే షెడ్‌లో ఒక పర్మినెంట్, ఒక కాంట్రాక్ట్, ఒక అప్రెంటిస్ ఒకే పని చేస్తుంటారు. పర్మినెంట్ జీతం యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మీద నడుస్తుంది. కాంట్రాక్ట్ కూలి ప్రభుత్వ కనీస వేతన ప్రకటన మీద నడుస్తుంది. అప్రెంటిస్‌కి ఇచ్చేది జీతం కాదు, స్టైపెండ్. 2019 నిబంధనల్లో అది చదువును బట్టి 5,000 నుంచి 9,000 రూపాయలు. 1961 చట్టం ప్రకారం అప్రెంటిస్ కార్మికుడి లెక్కలోకి రాడు కాబట్టి పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు. మూడు అంకెలను ముగ్గురు నిర్ణయిస్తున్నారు. పక్కవాడికి ఎక్కువ రావడానికి సూపర్‌వైజర్‌తో అతని స్నేహం కారణం కాకపోవచ్చు.

స్నేహం నిజంగా పనిచేసేది ఓటీ దగ్గర. ఓవర్‌టైమ్‌కి రెట్టింపు కూలి ఇవ్వాలని చట్టం చెబుతోంది. సింగిల్ రేటు ఇచ్చేచోట కూడా, తక్కువ జీతం ఉన్నవారికి ఆ ఓటీయే ఇల్లు నడిపే డబ్బు. అది ఎవరికి ఇవ్వాలన్నది పూర్తిగా సూపర్‌వైజర్ ఇష్టం. అందువల్ల ఓటీ పంచడంలో పక్షపాతం జీతంలో పక్షపాతంగానే అనిపిస్తుంది.

దీనికి భాష తోడవుతుంది. మేస్త్రి తన ఊరి నుంచి, తన బంధువర్గం నుంచి మనుషులను తెస్తాడు కాబట్టి ఒక గ్యాంగ్ అంతా తెలుగువారు, ఇంకొకటంతా ఒడియావారు, మరొకటి కొంధు గిరిజన గ్రామాలవారు అవుతారు. ఠికాదారు మారితే గ్యాంగ్ మొత్తం మారుతుంది. పని పోయిన తెలుగువారికి తమ స్థానంలోకి వచ్చిన ఒడియావారు కనిపిస్తారు, టెండర్ కాగితం కనిపించదు. మరో ఏడాది ఇదే తిరగబడుతుంది. భాష పేరుతో జరిగే ఈ తగాదాల వల్ల ఒక్కరి కూలి కూడా పెరిగిన దాఖలా లేదు. 1970 చట్టం నియమాల్లో, కంపెనీ కార్మికులు చేసే పనినే కాంట్రాక్ట్ కార్మికులు చేస్తే అదే కూలి ఇవ్వాలన్న మాట ఉండేది. పని ఒకటేనా కాదా అన్నది లేబర్ కమిషనర్ తేల్చేవారు. అలాంటి వాదన బలంగా పెట్టాలంటే మూడు గ్యాంగులూ ఒకే అర్జీ మీద సంతకం పెట్టాలి. అది అరుదుగా జరుగుతోంది.

కొత్త కోడ్‌లతో మారేది, మారనిది

వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం మరుసటి నెల ఏడో తేదీలోగా ఇవ్వాలి. మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. జీతం చీటీ ఇవ్వాలి. నియామక పత్రం అందరికీ తప్పనిసరి చేశారు. భత్యాల పేరుతో చూపే మొత్తం జీతంలో సగం దాటితే, సగానికి మించిన భాగం వేతనంలోకే లెక్కవుతుంది. ఇప్పటివరకు మూల వేతనం తక్కువగా చూపించి పీఎఫ్ తగ్గించినచోట, పీఎఫ్ లెక్కించే వేతనం 15,000 పరిమితిలోపు ఉన్నవారికి కోత కొంచెం పెరిగి చేతికొచ్చేది తగ్గవచ్చు. జీతం తగ్గించారన్న అపోహ దీనివల్ల రావచ్చు. ఆ డబ్బు, దానికి సమానమైన యజమాని వాటా కార్మికుడి పేరు మీదే జమవుతాయి. కనీస కూలి మాత్రమే తీసుకునేవారికి భత్యాలే ఉండవు కనుక ఈ మార్పు వల్ల తేడా లేదు.

ఫిర్యాదు ఎక్కడ చేయాలన్నది పనిచోటును బట్టి మారుతుంది. గనులు, రైల్వే, నాల్కో, హెచ్‌ఏఎల్ లాంటి కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు, వాటిలో పనిచేసే ఠికాదారులు కేంద్ర లేబర్ కమిషనర్ పరిధిలోకి వస్తారు. కూలి రేటు కూడా కేంద్రానిదే. ప్రైవేటు మిల్లులు, కొట్లు, స్కూళ్లు జిల్లా లేబర్ ఆఫీసరు పరిధి. తప్పు కార్యాలయంలో ఇచ్చిన అర్జీ అక్కడే నెలల తరబడి ఉండిపోయిన కేసులు తక్కువేమీ కాదు.

కార్మికుడికి నిజంగా బలమిచ్చే అంశాలు మూడు. బాకీ పడ్డ కూలి కోసం మూడేళ్లలోపు క్లెయిమ్ వేయవచ్చు. పాత కనీస వేతన చట్టంలో ఆ గడువు ఆరు నెలలే. కూలి ఇచ్చానని రుజువు చేయాల్సిన భారం యజమాని మీద ఉంటుంది. ఠికాదారు ఎగ్గొడితే పని జరిగిన సంస్థ యజమానే చెల్లించాలని వేతనాల కోడ్ 43వ సెక్షన్ చెబుతోంది. అందులో మనుషుల సంఖ్యకు పరిమితి లేదు. మరోవైపు ఇన్‌స్పెక్టర్ పాత్ర మెత్తబడింది. తొలిసారి తప్పు దొరికితే కేసు పెట్టే ముందు సరిదిద్దుకోవడానికి గడువివ్వాలి. పట్టుబడినప్పుడు కట్టేద్దాంలే అనుకునే ఠికాదారుకి ఇది కలిసొచ్చే అంశం.

కాంట్రాక్ట్ లేబర్ నిబంధనలు వర్తించే పరిమితి 1970 చట్టంలో 20 మంది ఉండేది, వృత్తి భద్రత కోడ్‌లో అది 50 అయింది. ఠికాదారు లైసెన్సు వంటి బాధ్యతలు ఈ అంకెకే కట్టుబడి ఉన్నాయి. రాబోయే ఒకటి రెండేళ్లలో పెద్ద ఠికాదారు సంస్థలు భార్య పేరున, తమ్ముడి పేరున చీలిపోయి నలభై తొమ్మిదేసి మందితో టెండర్లు వేయడం పెరిగే అవకాశం ఎక్కువ. పీఎఫ్ పాస్‌బుక్ మీద సంస్థ పేరు, కోడ్ నంబరు మారి, గేటు దగ్గర హాజరీ వేసే గుమాస్తా మాత్రం పాతవాడే అయితే, అలాంటి చీలిక జరిగిందని అనుమానించవచ్చు. ఆ రెండు పాస్‌బుక్ పేజీల ప్రింటు అర్జీకి జత చేస్తే లేబర్ ఆఫీసరు రెండు సంస్థల రిజిస్టర్లూ ఒకేసారి తెప్పించి చూడగలరు.